తోడుగా, బదులుగా కాదు

కుటుంబ ఆరోగ్య పాఠము
చదువవలసిన భాగము: 1 రాజులు 19:1-8



షుగరు మాత్రలు వేసికొనువారిని చూచి మన సంఘములలో ఎవరును విశ్వాసము తక్కువ అనరు. కాని మనస్సు క్రుంగిన వ్యాధికి, అనగా డిప్రెషన్‌కు, మాత్రలు వాడువారు వాటిని బియ్యపు డబ్బాలో దాచుకొనుచున్నారు. మాకు తెలిసిన ఒక సహోదరి అట్లే దాచుకొని వాడి, కొంచెము తేరుకొనగానే, ఇక ప్రార్థనయు ఉదయపు నడకయు చాలునని మాత్రలు మానివేసెను. రెండు నెలలలో నిద్ర పోయెను, ఆకలి పోయెను, చివరకు బ్రతుకుమీద ఆశ పోయెను. ఇంటివారు ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోయినందున ఆమె మనకు దక్కెను.

ఆమె నడకలో తప్పు లేదు, ప్రార్థనలోను తప్పు లేదు. తోడుగా ఉండవలసిన దానిని బదులుగా పెట్టుకొనుటయే తప్పు. ఈ పాఠములో మనము నేర్చుకొనవలసినది ఇదే.

1. మొదట డాక్టరు

దిగులు అందరికిని వచ్చును, పోవును. కాని రెండు వారములపాటు దాదాపు ప్రతిదినము దిగులు, నిరాసక్తి, నిద్రలేమి, అలసట ఉన్నయెడల డాక్టరుకు చూపవలెను. థైరాయిడ్ లోపము, రక్తహీనత, బి-12 విటమిన్ కొరత కూడ ఇట్టి లక్షణములనే చూపును గనుక రక్తపరీక్ష అవసరము కావచ్చును. మాత్రల గుణము కనబడుటకు 2 నుండి 4 వారములు, ఒక్కొక్కప్పుడు ఇంకను ఎక్కువ పట్టును. నయమైన తరువాత కూడ సాధారణముగా కనీసము 6 నెలలు వాడవలసియుండును. మానవలసి వచ్చినప్పుడు డాక్టరు చెప్పిన ప్రకారము కొంచెము కొంచెముగా తగ్గించవలెను. కౌన్సెలింగు కూడ చికిత్సయే.

2. తోడుగా మేలు చేయునవి

రోజుకు 30 నిమిషములు, వారమునకు 5 దినములు వడిగా నడచుట క్రుంగుదలను తగ్గించును. వేళకు నిద్ర, వేళకు భోజనము, పదిమందితో కలిసి పాడుట కూడ మేలే. బెంగళూరులోని నిమ్హాన్స్ ఆసుపత్రిలో యోగాభ్యాసమును చికిత్సకు తోడుగా నేర్పుచున్నారు. దానికి మనస్సాక్షి ఒప్పుకొననివారు నడకనే ఎంచుకొనవచ్చును. చావు కోరుకొన్న ఏలీయాకు ఆ చెట్టు క్రింద మొదట దొరికినది ఉపదేశము కాదు; నిద్ర, రొట్టె, నీళ్లు.

3. తోడని నమ్మి మోసపోకుడి

మూలికలు గదా, హాని లేదు అనుకొనరాదు. సెయింట్ జాన్స్ వర్ట్ అను మూలిక మాత్రలను విదేశములలోని పిల్లలు పంపుట కలదు. వీటిని సెర్ట్రలీన్, ఫ్లూక్సెటీన్ వంటి మందులతో కలిపి వాడినయెడల వణుకు, జ్వరము, గుండెదడ, కలవరము కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును. రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫరిన్ బలమును కూడ ఇది తగ్గించును. అశ్వగంధ నిద్రమాత్రలతో కలిసినప్పుడు మత్తు ఎక్కువ కావచ్చును; థైరాయిడ్ ఉన్నవారు అడుగక వాడరాదు.

ఉపవాస ప్రార్థనలలో పాల్గొనువారికి మరియొక మాట. లిథియం మాత్రలు వాడువారు నీళ్లు మానినయెడల ఆ మందు రక్తములో విషస్థాయికి పెరుగవచ్చును. డాక్టరును అడుగక ఉపవాసముండరాదు.

4. సంఘము చేయవలసినది

"ఇంకా మాత్రలేనా?" అని అడుగకుడి. పొరుగు రాష్ట్రములో స్థిరపడిన మనకు అంగడిలో కన్నడము, అరవము, ఒడియా వచ్చును గాని మనస్సులోని బాధ తెలుగులోనే వచ్చును. కాబట్టి పెద్దవారికి తోడుగా ఒకరు ఆసుపత్రికి వెళ్లవలెను. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనను ఉచితముగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చును. ఎవరైనను చావు మాట ఎత్తినయెడల వారిని ఒంటరిగా విడువక, పురుగుమందును మాత్రలను దూరముగా ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన యింటిలో ఎవరైనను మాత్రలు దాచుకొనుచున్నారా? మన మాటలలో ఏవి వారిని దాచుకొనునట్లు చేసినవి?
2. మనము వాడు మూలికలు, పొడులు అన్నియు డాక్టరుకు చెప్పితిమా?
3. ఈ వారము ఎవరితో కలిసి నడువగలము?