పోటీ పరీక్షల ప్రత్యేకం: బాలల రక్షణ అధికారులు

నమూనా ప్రశ్న: ఆగిరిపల్లి మామిడి తోటలో 13 ఏళ్ల బాలుడు కూలికి పనిచేస్తుంటే ఏ వ్యవస్థ ముందు హాజరుపరచాలి?

జవాబు: బాలల సంక్షేమ కమిటీ, 24 గంటల్లోగా (ప్రయాణ సమయం మినహా).

* ఆధారం: బాలల న్యాయ చట్టం, 2015. అమలు: 2016 జనవరి 15.
* కమిటీ (సెక్షన్ 27): చైర్‌పర్సన్ + నలుగురు సభ్యులు, కనీసం ఒక మహిళ.
* బాలల న్యాయ మండలి (సెక్షన్ 4): మేజిస్ట్రేట్ + ఇద్దరు సామాజిక కార్యకర్తలు. చట్టంతో విభేదించిన బాలల కేసులు దీనివే. తరచూ తికమక పెట్టే తేడా ఇదే.
* జిల్లా బాలల రక్షణ విభాగం: సెక్షన్ 106.
* పోలీస్ స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి: సెక్షన్ 107, కనీస హోదా ఏఎస్సై.
* దత్తత ఉత్తర్వులు: జిల్లా మేజిస్ట్రేట్ (2021 సవరణ).
* రాజ్యాంగం: అధికరణలు 21ఎ, 24, 39(ఎఫ్).
* స్థానికం: ఆగిరిపల్లి మండలం 2022 ఏప్రిల్ 4న కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది.

హెల్ప్‌లైన్ 1098. పరీక్ష అయ్యాకా ఈ అంకెను మరవకండి; ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే వెంటనే ఫోన్ చేయండి.