మనసు గురించి ఒక పాఠం

“సైకాలజీ చదివితే ఎదుటివాళ్ల మనసులో మాట చెప్పేయవచ్చా?” పదకొండో తరగతిలో ఈ సబ్జెక్టు తీసుకుంటామంటే చాలామంది అడిగే ప్రశ్న ఇది. చెప్పలేం. మనస్తత్వ శాస్త్రం జోస్యం కాదు. పరిశీలించి, కొలిచి, సరిచూసుకునే శాస్త్రం.

దీనికోసం 1879లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల నెలకొల్పాడు. మన దేశంలో ఈ శాస్త్రానికి తొలి విశ్వవిద్యాలయ శాఖ 1916లో మనముంటున్న ఈ నగరంలోనే, కలకత్తా విశ్వవిద్యాలయంలో మొదలైంది. నరేంద్రనాథ్ సేన్‌గుప్తా దాని బాధ్యత చూశారు. ఇక్కడి వైద్యుడు గిరీంద్రశేఖర్ బోస్ 1922లో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఆయన ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడిపారు. కొన్ని విషయాల్లో విభేదించారు కూడా.

జ్ఞాపకశక్తి పాఠమే చూద్దాం. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోయాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. నేర్చుకున్న తొలి గంటల్లోనే మరుపు ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది.

అమ్మకో నాన్నకో బదిలీ అయిన ప్రతిసారీ మనకు కొత్త బడి, కొత్త లిపి, కొత్త పేర్లు. బెంగాలీ అక్షరాలు నేర్చుకున్న రాత్రే ఒకసారి, మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి చూడకుండా రాసుకుంటే బాగా నిలుస్తాయి. మరిచిపోతే తెలివి తక్కువని కాదు. మనసు పనిచేసే తీరే అది.

పాత ఊరి స్నేహితుల మీద బెంగా అంతే, అది లోపం కాదు. ఎన్నాళ్లకూ తగ్గక తిండికీ నిద్రకూ అడ్డమైతే మాత్రం దాచుకోకుండా అమ్మానాన్నలకో, టీచరుకో చెప్పాలి.