కుంపటి అనుకుని కొనుక్కో

లెస్టర్,
నవంబరు 9

చి.ల.సౌ. చిన్నికి,

లీడ్స్‌లో మీరు కొన్న ఇంటి ఫొటోలు అత్తయ్యా నేనూ చూశాం. వందేళ్లు దాటిన టెర్రస్ ఇల్లు, హాల్లో పాత బొగ్గుపొయ్యి గూడు ముచ్చటగా ఉన్నాయి. ఆ గూట్లో ఎలక్ట్రిక్ ఫైర్ పెట్టాలనుకుంటున్నామనీ, వంద పౌండ్ల నుంచి వెయ్యి దాకా ఉన్నాయనీ, ఏది కొనమంటావనీ అడిగావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

ధనుర్మాసంలో మీ అమ్మమ్మ కుంపట్లో నిప్పులు వేసుకుని దాని దగ్గరే కూర్చునేది. ఆ కుంపటితో ఇల్లంతా వెచ్చబడాలని ఎవరూ అనుకోలేదు. నువ్వు కొనబోయేది కూడా కుంపటే అనుకో, సగం చిక్కులు తీరిపోతాయి.

ఎంత ఖరీదు పెట్టినా రెండు కిలోవాట్ల ఫైర్ ఇచ్చే వేడి రెండు కిలోవాట్లే. లోపలికెళ్లిన కరెంటంతా చివరికి వేడిగానే తేలుతుంది. తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుందని షాపువాడు చెబితే నవ్వి ఊరుకో. ఆ పని హీట్ పంప్ చేస్తుంది, ఎందుకంటే అది బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి లాగుతుంది. ఫైర్‌లో నువ్వు అదనంగా పెట్టే డబ్బు మంట అందానికీ, పనితనానికీ, ఫ్యాను చప్పుడు తక్కువగా ఉండడానికీ పోతుంది. అందుకే బొమ్మ చూసి కొనకు. షాపుకెళ్లి వెలిగించమని అడిగి, ఎదురుగా పది నిమిషాలు కూర్చో. ఫ్యాను రొద టీవీ మాటలకు అడ్డొస్తుందేమో విను.

ఖర్చు సంగతి అల్లుడికి కూడా చదివి వినిపించు. రెండు కిలోవాట్ల మీద గంట నడిస్తే రెండు యూనిట్లు. యూనిట్ పాతిక పెన్నీలనుకుంటే గంటకు అర పౌండు. రోజూ సాయంత్రం ఆగకుండా నాలుగు గంటలు వేస్తే నెలకు అరవై పౌండ్లు. ఇక్కడ కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కి సుమారు నాలుగు రెట్లు ఉంటోంది. కాబట్టి ఇంటిని వెచ్చగా ఉంచే పని గ్యాస్ బాయిలర్‌కి వదిలెయ్. ఇంకా హీటింగ్ వెయ్యబుద్ధి కాని అక్టోబరు సాయంత్రాల్లో, మీరిద్దరే హాల్లో కూర్చునే గంటకు ఈ ఫైర్ సరిగ్గా సరిపోతుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. మా మొదటి ఇంట్లో బాయిలర్ థర్మోస్టాట్ హాలు గోడ మీదే ఉండేది. నేను సంబరంగా ఫైర్ వెలిగించేవాణ్ణి. హాలు వేడెక్కగానే, ఇక చాల్లే అని బాయిలర్ ఆగిపోయేది. మేడ మీద పిల్లల గదులు మంచుగడ్డలు! రాత్రి వాళ్లు దుప్పట్లు కప్పుకుని కిందికి దిగొచ్చేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. మీ థర్మోస్టాట్ ఎక్కడుందో ముందు చూసుకో.

తర్వాత గూడు. ఇక్కడ మామూలు గూడు 16 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల ఎత్తు ఉంటుంది. అందులో ఇమిడే ఇన్‌సెట్ ఫైర్లు అదే లెక్కలో వస్తాయి. కానీ పాత ఇళ్లలో గూడు ఒక్కో ఇంట్లో ఒక్కో కొలతలో ఉంటుంది, లోతు కూడా కొలవాలి. చిమ్నీని పూర్తిగా మూసెయ్యకు. గాలాడకపోతే లోపల చెమ్మ పట్టి గోడ పాడవుతుంది. పైన వాన పడకుండా గాలాడే మూత, కింద చిన్న జాలీ ఉంచితే చాలు. గోడకు తగిలించేది కావాలంటే, గోడ ఇటుకదో ప్లాస్టర్‌బోర్డుదో తట్టి చూడు. ఫైర్ పైన టీవీ పెట్టాలని అల్లుడు సరదాపడితే, వేడిగాలి పై నుంచి కాక ముందు నుంచో కింద నుంచో వచ్చే రకం చూసుకోండి.

ప్లగ్గు నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టు. రెండు కిలోవాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు. ఎక్స్‌టెన్షన్ వైరు మీద గంటలకొద్దీ నడిపితే వేడెక్కి కాలిపోవచ్చు. ఆరని బట్టలు దాని ముందు వేలాడదీయకు. చంటివాడు పాకడం మొదలెట్టాడు కదా, గ్రిల్ వేడెక్కుతుంది, ముందు కంచె కట్టించు. థర్మోస్టాట్, టైమర్ ఉన్నదే తీసుకో.

ఇంకొకటి, వేడి లేకుండా మంట మాత్రమే వెలిగే స్విచ్ ఉందో లేదో తప్పక చూడు. ఎల్ఈడీ మంటకు కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు. భోగినాడు మీ సందులో దుంగలు కాల్చలేం కదా. చంటివాడికి భోగిపళ్లు పోసేటప్పుడు వెనకాల ఆ మంట వెలిగితే, అమ్మమ్మ వీడియోలో చూసి మురిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో కొంటే పద్నాలుగు రోజుల్లో వద్దనుకునే హక్కు నీకుంది. అలాగని తొందరపడకు. ఆదివారం టేపు పట్టుకుని గూడు వెడల్పు, ఎత్తు, లోతు కొలిచి నాకు పంపు. అప్పటిదాకా ఏదీ ఆర్డర్ చెయ్యకు.

ఇట్లు,
నీ మామయ్య