బంతి కుడికి వంగుతోందా? పట్టు చూసుకోండి

ప్రశ్న: క్రికెట్ అలవాటున్న కుడిచేతివాటం నాది. గోల్ఫ్ కొత్త. ఎంత గట్టిగా కొట్టినా బంతి కుడికే వంగిపోతోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: లోపం బలంలో లేదు. బంతి తగిలే క్షణంలో క్లబ్ ముఖం, అది వచ్చే దారికంటే కుడికి తెరుచుకుని ఉంటోంది. బంతి బయల్దేరే దిక్కును ఎక్కువగా తేల్చేది ఆ ముఖమే. అందుకే కుడికి పోతోందని మీరు ఇంకా ఎడమకు ఊపితే వంకర పెరుగుతుందే గానీ తగ్గదు. ముందు పట్టు మార్చండి: పైనుంచి చూస్తే ఎడమచేతి కణుపులు కనీసం రెండు కనబడాలి. కొన్నాళ్లు ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి. ‘మన తెలుగు మూలాలున్న సాహిత్ తీగల స్వింగ్ కూడా పుస్తకంలో ఉన్నట్టుండదు, అయినా 2023లో ఫార్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడుగా’ అంటారేమో. నిజమే, ఊపు ఎవరిదైనా వేరుగా ఉండొచ్చు, తగిలే క్షణం మాత్రం కుదరాలి. దీనికోసం గోల్కొండ కోర్సుదాకా పోనక్కర్లేదు. మనుషులు లేని ఖాళీ జాగాలో పదిహేను రోజులు సగం ఊపుతోనే కొట్టి, మళ్లీ రాయండి.