షేల్ వాయువు – భూగర్భ జలం

సూర్యాపేట జిల్లా ఆత్మకూర్ (ఎస్) ప్రాంతంలో బోరు వేయించే రైతుకు నేల అడుగున ఎదురయ్యేది గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలో చేరిన వాననీరే అతనికి ఆధారం. పగులు తగిలితే పంట, తగలకపోతే అప్పు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బావి తవ్వరాదు. ఒక కుటుంబాన్ని పోషించే బోరుకే ఇంత కట్టడి ఉన్నప్పుడు, శిలలను పగులగొట్టి వాయువును వెలికితీసే బావులకు ఎంతటి కట్టడి ఉండాలి?

షేల్ అనగా బురద పొరలు యుగాల తరబడి అణగి ఏర్పడిన శిల. అందులోని జీవావశేషాలు కాలక్రమంలో వాయువుగా మారుతాయి. శిలలోని రంధ్రాలు అతి సూక్ష్మమైనవి కావడంతో ఆ వాయువు తనంతట తాను పైకి రాదు. అందుచేత బావిని లోతుకు తవ్వి, అడుగున అడ్డంగా మళ్లించి, నీరు, ఇసుక, కొద్దిపాటి రసాయనాల మిశ్రమాన్ని తీవ్రమైన ఒత్తిడితో పంపుతారు. శిల పగులుతుంది, ఇసుక రేణువులు ఆ పగుళ్లు మూసుకోకుండా కాపాడతాయి. దీనినే ఫ్రాకింగ్ అంటారు. ఒక్కొక్క బావికి కోటి లీటర్లకు మించి నీరు అవసరం కావచ్చును. అందులో కొంత భాగం లవణాలతో, రసాయనాలతో కలిసి తిరిగి పైకి వస్తుంది. బావి గోడకు వేసిన సిమెంటు లోపించినా, ఈ మురుగునీరు నేలపై ఒలికినా ఊటబావులకు ముప్పు తప్పదు.

ఆత్మకూర్ నేల షేల్ నేల కాదు. తెలుగువారి ప్రాంతంలో ఈ వాయువుకై చూపు సారించినది కృష్ణా–గోదావరి బేసిన్‌పై. 2013 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం షేల్ వాయు విధానాన్ని ప్రకటించి, తొలి దశలో ఓఎన్‌జీసీకి 50, ఆయిల్ ఇండియాకు 5 క్షేత్రాలలో అన్వేషణకు వీలు కల్పించింది. 2018 ఆగస్టులో ఇతర కాంట్రాక్టు సంస్థలకు కూడా అవకాశమిచ్చింది. అయితే అమెరికాలో వలె ఇక్కడ ఉత్పత్తి విస్తరించలేదు.

వాయువు అవసరం లేదనడం సమంజసం కాదు. విద్యుదుత్పత్తిలో బొగ్గుకన్నా సహజవాయువు తక్కువ కర్బన వాయువును వెలువరిస్తుంది. దిగుమతుల భారం కూడా తగ్గవచ్చును. కాని మీథేన్ లీకైతే ఆ మేలు తరిగిపోతుంది. ఫ్రాన్సు 2011లోనే ఫ్రాకింగ్‌ను నిషేధించింది. తమిళనాడు 2020లో కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా ప్రకటించి, అక్కడ షేల్ వాయువు కొత్త అన్వేషణను నిలిపివేసింది. అదే సంవత్సరం జనవరిలో కేంద్రం చమురు, వాయు అన్వేషణను బీ-2 వర్గంలో చేర్చింది. తత్ఫలితంగా అన్వేషణ దశలో ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి కాకుండా పోయింది.

ఇక్కడనే విధానంలోని లోపం కనిపిస్తుంది. తవ్వకానికి ముందే ఊరి బావుల నీటిని పరీక్షించి, ఆ వివరాలను గ్రామసభ ముందుంచాలి. ముందటి నీరు ఎట్లున్నదో నమోదు కానిచో, తరువాత చెడిన నీటికి కారణమెవరో రైతు నిరూపించలేడు. నీరు చెడితే జీవితమెంత చెడుతుందో ఉమ్మడి నల్లగొండ జిల్లా ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. నేలలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలనో వంచివేసింది. అది ప్రకృతి చేసిన హాని. మానవుడు చేయగల హానిని మాత్రం ముందుచూపుతో నివారించవచ్చును.

వాయువు నేటి అవసరమైతే, నీరు అన్ని తరాల అవసరం. ఈ వివేకమే విధానానికి పునాది కావాలి.

ప్రశ్నలు
1. షేల్ వాయువును వెలికితీసే విధానాన్ని వివరించండి.
2. తవ్వకానికి ముందే నీటిని ఎందుకు పరీక్షించాలి?