పాత కారు నీలిపొగ విడుచుట: కారణ నిర్ణయము

పాత పెట్రోలు కారు పొగగొట్టమునుండి నీలిపొగ వెడలినచో, ఇంజను నూనె పెట్రోలుతోపాటు కాలుచున్నదని రైతులు గ్రహింపవలెను. నల్లపొగ పెట్రోలు మితిమీరుటకును, ఇంజను వేడెక్కినను తగ్గని దట్టమైన తెల్లపొగ సిలిండరులోనికి నీరు దిగుటకును గుర్తులు.

నీలిపొగ కనబడినంతనే ఇంజను విప్పింపరాదు. మొదట కారును చదునైన చోట నిలిపి, ఇంజను ఆపిన కొంతసేపటికి కడ్డీతో నూనె మట్టము చూడవలెను. పైగీటు మించినచో అధికమును తీసివేయవలెను. ఇంజనులోని ఆవిరి వెడలు గొట్టము పూడినను నూనె పైకి పోయి కాలును గనుక, దానిని శుభ్రపరుపవలెను.

పిమ్మట పొగ వచ్చు వేళను గమనింపవలెను. రాత్రియంతయు నిలిచిన కారు ఉదయమున కొలదిసేపు మాత్రమే పొగ విడిచినచో, వాల్వుల సీళ్లు చెడినవని తలంపవచ్చును. పల్లము దిగి మరల వేగము హెచ్చించినపుడు వచ్చు పొగకును తరచుగా అదియే కారణము. ఎత్తు ఎక్కునపుడును, బరువుతో పోవునపుడును ఎడతెగక వచ్చినచో పిస్టను రింగులు అరిగియుండవచ్చును.

సంశయ నివృత్తికై మెకానిక్కుచే ప్రతి సిలిండరునందలి ఒత్తిడిని కొలిపింపవలెను. ఒత్తిడి తక్కువగానున్నచో, ప్లగ్గు రంధ్రమున ఒక చెంచా నూనె పోయించి మరల కొలిపింపవలెను. అప్పుడు బాగుగ హెచ్చినచో రింగులు గాని సిలిండరు గోడలు గాని అరిగినవని యెంచవలెను. మొదటనే సరిగానున్నచో ముందు సీళ్లను చూపింపవలెను.

సీళ్ల మార్పునకు అగు వ్యయము కొంచెము. సిలిండరు బోరింగునకు అధికము. కావున పరీక్ష ముందు, మరమ్మతు పిదప. అంతవరకు నూనె మట్టమును తరచుగా చూచి తక్కువైనంత పోయవలెను. నూనె లేని ఇంజను బిగిసి చెడును.