దుమ్ము కొలిచే చదువు

ఆళ్లగడ్డ

అమ్మాయీ,

పర్యావరణ, వృత్తి ఆరోగ్య శాస్త్రంలో డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగాలెక్కడున్నాయని అడిగావు. ముందు మన నంద్యాల జిల్లానే చూడు. కొలిమిగుండ్ల, గడివేముల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు. బేతంచెర్లలో పాలిష్ బండల యూనిట్లు. ఇలాంటి చోట్ల పాత ఫ్యాక్టరీల చట్టం కింద సాధారణంగా 1000 మంది కార్మికులుంటేనే సేఫ్టీ ఆఫీసరు తప్పనిసరిగా ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త వృత్తి భద్రత కోడ్ ఫ్యాక్టరీల్లో దాన్ని 500కు, ప్రమాదకర పరిశ్రమల్లో 250కి దించింది, గనుల్లో 100గా పెట్టింది. ఆ పోస్టుకు డిగ్రీ ఒక్కటే చాలదు. ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా, కొన్నేళ్ల అనుభవం కావాలి. డిప్లొమాకు ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ మంచి చోటు. పరిశోధన ఇష్టమైతే అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. ల్యాబ్ పని నచ్చితే కాలుష్య నియంత్రణ మండలి నోటిఫికేషన్లు చూస్తుండు. గల్ఫ్ వెళ్లాలంటే నెబోష్ అనే భద్రతా సర్టిఫికెట్ తరచూ అడుగుతారు.

ఉద్యోగం చట్టం ఉన్నచోట దొరుకుతుంది. దుమ్ము మాత్రం చట్టం చూసుకుని లేవదు. మన ఊరి శిల్పశాలల్లాంటి చోట పదిమంది లోపే పనిచేస్తుంటే సాధారణంగా ఆ కోడ్ వర్తించదు. ఉలి దెబ్బకు రాలే పెచ్చులు కింద పడిపోతాయి. కటింగ్ మిషన్ లేపే సన్నటి నుసి గాల్లోనే తేలుతుంది. కంటికి కనపడని ఆ నుసే ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. అందులో సిలికా ఉంటే ఏళ్ల తర్వాత సిలికోసిస్ బయటపడుతుంది. ఒక్కోసారి దాన్నే టీబీ అనుకుని మందులు వాడతారు. సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు, రాకుండా చూసుకోవడమే దారి.

అందుకే ముందు ఏ రాయో కనుక్కో. గ్రానైట్‌లో సిలికా ఎక్కువ, సున్నపురాయిలో సాధారణంగా తక్కువ. తర్వాత కార్మికుడి నడుముకు చిన్న పంపు, కాలరు దగ్గర ఫిల్టరు పెట్టి షిఫ్టంతా కొలువు. ఆపైన నీళ్లు పోస్తూ కోయించు, దుమ్మును పుట్టినచోటే పీల్చే ఏర్పాటు చూడు. మాస్కు చివరి మాట. మూతికి కట్టిన తువ్వాలు ఆ నుసిని ఆపలేదు.

మొదట పెద్ద ఫ్యాక్టరీలో చేరి పని నేర్చుకో. జీతమిచ్చేది యాజమాన్యమే అయినా వచ్చిన అంకెను వచ్చినట్టే రాయి. చేయి తిరిగాక నాలుగైదు శిల్పశాలలకు కలిపి ఒకే పంపు, ఒకే పరీక్ష ఏర్పాటు చేయగలవేమో ఆలోచించు. ఆ పనికి నోటిఫికేషన్ రాదు, నువ్వే మొదలుపెట్టాలి.

ఇట్లు
నీ పెదనాన్న